కౌబాయ్ కోసం వెళితే గడ్డివామి దొరికింది

పశ్చిమ అమెరికాలోని రాంచ్‌లలో, అంటే పశువుల్ని పెంచే పెద్ద క్షేత్రాల్లో, తాడు విసిరే పని చేసిన ముసలివాళ్ళలో కొందరికి ఒక చేతి బొటనవేలు సగమే ఉంటుంది. దూడకి ఉచ్చు పడగానే తాడు రెండో కొసని జీను ముందున్న కొమ్ముకి గబగబా రెండు మూడు చుట్లు తిప్పాలి. తాడుకీ కొమ్ముకీ మధ్య వేలు ఇరుక్కుందంటే, అవతల లాగుతున్నది బరువైన పశువు కాబట్టి ఇక ఆ వేలు మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే చుట్టేటప్పుడు బొటనవేలు పైకి నిలబెట్టి ఉంచమని కొత్తగా వచ్చినవాడికి ముందే చెబుతారు. ఈ చుట్టు తిప్పడాన్ని అక్కడ 'డాలీ' అంటారు. స్పానిష్‌లో 'దార్ లా వుయెల్తా', అంటే ఒక తిప్పు తిప్పడం అని. ఆ మాట ఇంగ్లీషువాళ్ళ నోట్లో పడి 'డాలీ వెల్టా' అయింది, తర్వాత తోక కూడా ఊడిపోయి డాలీ ఒక్కటే మిగిలింది.

సరే, అలాంటి పెద్దాయన్ని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, టేప్ రికార్డర్ ఆన్ చేసి "మీ జీవితం గురించి చెప్పండి" అంటే ఈ వేలి సంగతి బయటికొస్తుందా? చాలావరకు రాదు. పుట్టిన సంవత్సరం, బడికి ఎన్నేళ్ళు వెళ్ళాడు, నాన్న ఎంత కష్టపడ్డాడు, అప్పటి చలికాలాలు ఇప్పటికంటే ఎంత గట్టిగా ఉండేవి... పావుగంటలో కథ అయిపోతుంది. ఆయనకి ఏమీ తెలియక కాదు. తెలిసినదంతా చేతుల్లో ఉంది, దాన్ని మాటల్లో చెప్పాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు, పక్కన నిలబడి చూసినవాడు చూసి నేర్చుకున్నాడు అంతే. రాంచ్ జీవితాన్ని రికార్డు చేయాలనుకునేవాళ్ళకి మొదట ఎదురయ్యే చిక్కు ఇదే, మిగతా చిక్కుల్లో సగం దీంట్లోంచే పుడతాయి.

ఈ పని పద్ధతిగా, ఓపిగ్గా జరిగిన చోట్లలో ఒకటి ఉత్తర నెవాడాలోని పారడైజ్ వ్యాలీ. హంబోల్ట్ కౌంటీలో, సాంటా రోసా కొండల కింద ఉంటుంది, దగ్గర్లో చెప్పుకోదగ్గ ఊరు వినెముకా. 1978 నుంచి 1982 వరకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో జానపద జీవనాన్ని భద్రపరిచే అమెరికన్ ఫోక్‌లైఫ్ సెంటర్ తరఫున పరిశోధకులు ఇక్కడికి వచ్చి పనిచేశారు. ముఖ్యంగా నైంటీ-సిక్స్ అనే ఒక కుటుంబ రాంచ్ మీద దృష్టి పెట్టారు. విలియం స్టాక్ అనే జర్మన్ వలసదారు 1864లో మొదలుపెట్టిన రాంచ్ అది, నెవాడాకి రాష్ట్ర హోదా వచ్చింది కూడా ఆ ఏడాదే. ఆ ప్రాజెక్టు సరుకులోంచి తర్వాత ఆన్‌లైన్‌లో జనానికి అందుబాటులోకి వచ్చినవి సుమారు 2,400 ఫోటోలు, 41 ఫిల్ములు, 28 ఆడియో రికార్డింగులు. ఫోటోలకీ ఆడియోకీ మధ్య ఆ తేడా గమనించారా? మాటల మీదే ఆధారపడి ఉంటే ఈ లెక్క ఇలా ఉండేది కాదు.

దీనికి వెనక ఒక చట్టం ఉంది. 1976 జనవరిలో అమలులోకి వచ్చిన అమెరికన్ ఫోక్‌లైఫ్ ప్రిజర్వేషన్ చట్టం ఈ సెంటర్‌ని పుట్టించింది. జానపద జీవనం అంటే ఏమిటో చెప్పే చోట పాటలు, కథలు, నాట్యాలతో ఆపకుండా వృత్తి సమూహాలని కూడా కలిపింది, పనితనాన్ని, కట్టడాలని కూడా ఆ జాబితాలో చేర్చింది. చూడడానికి పొడి ప్రభుత్వ భాషలా ఉంటుంది గానీ దాని ఫలితం పెద్దది. దాంతో కంచె ఎలా కడతారు, గడ్డి ఎలా పేరుస్తారు, గుర్రాన్ని ఎలా మచ్చిక చేస్తారు అన్నవి కూడా పాతకాలపు జానపద గీతంతో సమానంగా భద్రపరచదగ్గ విషయాలయ్యాయి. అంతకుముందు దశాబ్దాల్లో జానపదం సేకరించడానికి పల్లెలకి వెళ్ళినవాళ్ళలో చాలామంది పాట వినిపిస్తే రికార్డర్ ఆన్ చేసి, పాట ఆగగానే ఆపేసి వచ్చేసేవాళ్ళు.

కౌబాయ్ అనే మాటతోనే అసలు చిక్కు ఉంది. సినిమాలు, నవలలు, సిగరెట్ ప్రకటనలు కలిసి ఆ మనిషిని ఎంత పెద్దవాణ్ణి చేశాయంటే, అక్కడికి కెమెరాతో వెళ్ళినవాడి కన్ను ముందుగా టోపీ మీద పడుతుంది, గుర్రం మీద పడుతుంది, ఎర్రటి సాయంత్రం మీద పడుతుంది. అక్కడివాళ్ళకి మాత్రం ఆ పేరే నచ్చదు, తమని తాము 'బకరూ' అనుకుంటారు. స్పానిష్ 'వాకెరో'లోంచి వచ్చిన మాట అది, స్పానిష్‌లో 'వ'ని 'బ'కి దగ్గరగా పలుకుతారు కాబట్టి ఇంగ్లీషు చెవికి అలా వినిపించింది. జీను, కళ్ళెం, తాడు చుట్టూ ఉన్న మాటల్లో చాలా భాగం ఇదే దారిలో వచ్చాయి. ముక్కుపట్టీతో గుర్రాన్ని నడిపే 'హాకమోర్' స్పానిష్ హాకిమా నుంచి, రాంచ్ గుర్రాల గుంపుని పిలిచే 'కావీ' కాబయాదా నుంచి, గుర్రపు వెంట్రుకలతో పేనిన పగ్గం 'మెకార్టీ' మెకాతే నుంచి. ఐరిష్ ఇంటిపేరులా వినిపిస్తుంది గానీ దానికీ ఐర్లండ్‌కీ ఏ సంబంధమూ లేదు. కాలిఫోర్నియాలో స్పానిష్, మెక్సికన్ పశుపాలకుల దగ్గర నేర్చుకున్న విద్య సియెరా కొండలు దాటి తూర్పుకి వచ్చిందనడానికి ఈ మాటలే సాక్ష్యం. పుస్తకం చదవని మనిషి నోట్లో రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంటుంది, దాన్ని చరిత్ర అని ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు.

తాడు దగ్గరికే మళ్ళీ వద్దాం, ఎందుకంటే పనిని రికార్డు చేయడానికీ కబుర్లు రికార్డు చేయడానికీ ఉన్న తేడా ఇక్కడ బాగా కనిపిస్తుంది. పాత బకరూ తాడు పచ్చితోలుతో అల్లింది, పేరు రియాటా, పొడవు 60 అడుగుల దాకా ఉంటుంది. టెక్సస్‌లో తాడు పొట్టిగా ఉంటుంది, నారతో చేసింది, దాని కొసని జీను కొమ్ముకి ముందే ముడేసి పెట్టుకుంటారు. ఎందుకీ తేడా అని అడిగితే "మేం ఇలాగే చేస్తాం" అనే జవాబే వస్తుంది. కారణం తోలులో ఉంది. అల్లిన పచ్చితోలు ఒక్కసారిగా వచ్చే కుదుపుని తట్టుకోలేదు, తెగిపోతుంది. అందుకని కొమ్ముకి ముడేయకుండా చుట్లు వేసి, పశువు లాగినప్పుడు తాడు కొంత జారనిచ్చి, మెల్లమెల్లగా బిగించాలి. తాడు జారుతుంది కాబట్టి పొడవు కావాలి, పొడవుంది కాబట్టి దూరం నుంచి పెద్ద ఉచ్చు విసరొచ్చు, దూరం నుంచి విసురుతారు కాబట్టి గుర్రాన్ని పరిగెత్తించక్కర్లేదు, పశువు బెదరదు. వేలు పోయే ప్రమాదం కూడా ఆ చుట్లలోంచి వచ్చిందే. ఈ గొలుసంతా ఎవరో కూర్చుని చెప్పింది కాదు. చూస్తూ, మధ్యలో ఆపి అడుగుతూ, తాడుని చేత్తో పట్టుకుని బరువు చూస్తూ ఉంటే ఒక్కో ముక్కా బయటపడుతుంది.

గుర్రం సంగతీ అంతే. మొదట నోట్లో ఇనుము లేకుండా హాకమోర్‌తో, తర్వాత కొంతకాలం రెండు పగ్గాలతో, ఆఖరికి స్పేడ్ బిట్ అనే పెద్ద కళ్ళెంతో. పూర్తిగా తయారవడానికి ఐదారేళ్ళు పట్టే ఈ శిక్షణని ఒక మధ్యాహ్నం ఇంటర్వ్యూలో పట్టుకోవాలంటే కుదిరే పని కాదు. అందుకే ఈ రకం పనికి ఒక్కసారి వెళ్ళి రావడం సరిపోదు, అన్ని రుతువుల్లోనూ వెళ్ళాలి. వసంతంలో దూడలకి వాతలు, వేసవిలో గడ్డి కోత, శరదృతువులో కొండల మీద మేసిన మందని కిందికి తోలుకురావడం, చలికాలంలో రోజూ మేత వేయడం. సెలవుల్లో మాత్రమే ఖాళీ దొరికే ప్రొఫెసర్‌కి వేసవి రాంచ్ ఒక్కటే తెలుస్తుంది.

వాతల రోజు తీసుకోండి. నిప్పు మీద ఇనప ముద్రలు ఎర్రగా కాలుతుంటాయి, ఒకడు దూడ వెనక కాళ్ళకి ఉచ్చేసి ఈడ్చుకొస్తాడు, ఇద్దరు పట్టుకుంటారు, ఒకరు వాత వేస్తారు, ఒకరు చెవికి గుర్తు కోస్తారు, మగదూడ అయితే అక్కడే వృషణాలు తీసేస్తారు, ఇంకొకరు టీకా వేస్తారు. పొగ, కాలిన వెంట్రుకల కంపు, తల్లి ఆవుల అరుపులు. ఇంత గోలలో ఎన్ని దూడలయ్యాయో లెక్క ఎలా తెలుస్తుంది? చాలా చోట్ల కోసిన చెవి ముక్కల్ని ఒక డబ్బాలో వేసుకుంటూ పోతారు, సాయంత్రం ముక్కలు లెక్కపెడితే సరి. ఇది రాసిపెట్టినవాడికి ఆ డబ్బా ఒక పత్రం లాంటిది. ఫోటో తీసినవాడికి అది కాలి కింద అడ్డం పడిన పాత డబ్బా, ఫ్రేములోంచి పక్కకి తీసేస్తాడు.

లెక్క అంటే గుర్తొచ్చింది, రాంచ్ యజమానిని "మీకెన్ని పశువులున్నాయి?" అని అడగకూడదు. పశ్చిమ రాష్ట్రాల్లో ఇది అందరికీ తెలిసిన మర్యాద. బ్యాంకులో ఎంతుంది అని అడగడంతో సమానం, భూమి ఎన్ని ఎకరాలు అన్నదీ అంతే. కొత్తగా వచ్చినవాడు చనువు కోసం అడిగే మొదటి ప్రశ్న మాత్రం సరిగ్గా ఇదే అవుతుంది, ఆ ఒక్క ప్రశ్నతో ఎదుటిమనిషి నోరు మూతపడిపోతుంది. ఆ ప్రాజెక్టు జరిగిన రోజులు మరీ సున్నితమైనవి. నెవాడాలో దాదాపు 80 శాతం భూమి ఫెడరల్ ప్రభుత్వానిది, 1934 నాటి టేలర్ గ్రేజింగ్ చట్టం తర్వాత ఆ భూముల్లో మేపుకోవాలంటే పర్మిట్ ఉండాలి, ఎన్ని తలలు, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నీ అందులో ఉంటాయి. ఆ భూములు రాష్ట్రానివేనని 1979లో నెవాడా శాసనసభ చట్టం చేసింది, సేజ్‌బ్రష్ తిరుగుబాటు అని పేరుపడిన గొడవ అది. అలాంటి సమయంలో వాషింగ్టన్ నుంచి నోట్‌బుక్, రికార్డర్ పట్టుకుని దిగినవాణ్ణి ఎవరైనా ఒకసారి ఎగాదిగా చూస్తారు. పశువుల సంఖ్య అడిగితే ఇంకా బాగా చూస్తారు.

ఇక శీర్షికలో చెప్పిన గడ్డివామి. కౌబాయ్ బొమ్మలో గడ్డి కోసేవాడు ఉండడు. గుర్రం దిగి చేసే పని బకరూకి నామోషీ అన్న మాట ఆ వృత్తిలో బాగా వినిపిస్తుంది. నిజానికి ఆ ప్రాంతపు రాంచ్ సంవత్సరమంతా గడ్డి చుట్టూనే తిరుగుతుంది. 1889-90 చలికాలంలో మంచు ఆగకుండా పడింది, ఆరుబయట మేసి బతికే పశువులు ఉత్తర నెవాడా అంతటా గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. చలికాలం కూడా మంద తన తిండి తానే చూసుకుంటుందన్న నమ్మకం ఆ దెబ్బతో పోయింది. అప్పటినుంచి పచ్చిక బయళ్ళకి నీరు పెట్టడం, కోయడం, వాములు వేయడం పెద్ద పనైపోయింది, కంచెలు పెరిగాయి, జీతగాళ్ళు పెరిగారు. గుర్రాలతో లాగించే డెరిక్‌లు, అంటే పెద్ద దూలాలతో కట్టిన ఎత్తే యంత్రాలు, ఒక్కో రాంచ్‌లో ఒక్కో రకంగా ఊళ్ళోనే తయారయ్యాయి. ఎవరూ వాటి ప్లాను గీసి పెట్టలేదు. కట్టినవాడు పోతే, దూలం పుచ్చిపోతే, ఇక అది ఎలా ఉండేదో చెప్పేవాళ్ళు లేరు. బకరూ తాడు గురించి ఈరోజుకీ వీడియోలు బోలెడు దొరుకుతాయి, డెరిక్‌కి అంత అదృష్టం లేదు. అందుకే అలాంటి దాని ముందు నిలబడి కొలతలు తీసుకున్నవాడి పనికి విలువ ఎక్కువ అనిపిస్తుంది.

లోయలో మనుషులు కూడా సినిమాలో కనిపించే మనుషులు కారు. జర్మన్లు, ఇటాలియన్లు, స్విస్‌వాళ్ళు, స్పెయిన్-ఫ్రాన్స్ సరిహద్దు కొండల నుంచి వచ్చిన బాస్క్‌లు, ఆంగ్లో-అమెరికన్లు, చైనీయులు, వీళ్ళందరికంటే ముందునుంచి ఉన్న ఉత్తర పయూట్ అనే ఆదివాసులు. అక్కడి రాతి కట్టడాల్లో మంచివి ఉత్తర ఇటలీ నుంచి వచ్చిన మేస్త్రీల చేతిపని, రాయి చెక్కిన తీరు, మూల కలిపిన తీరు చూస్తే తెలుస్తుంది. వాళ్ళలో ఎవరూ డైరీ రాయలేదనుకున్నా గోడ ఉంది. బాస్క్ గొర్రెలకాపరులదీ ఇలాంటి సంగతే, నెలల తరబడి కొండల మీద ఒంటరిగా ఉండి ఆస్పెన్ చెట్ల తెల్లటి బెరడు మీద పేరు, ఊరు, తేదీ, కొన్నిసార్లు బొమ్మలు, బూతులు కూడా చెక్కేవాళ్ళు. ఆస్పెన్ వందేళ్ళకి అటూ ఇటూగా పడిపోతుంది. చెట్టుతోపాటే ఆ రాతా పోతుంది కాబట్టి ఇప్పుడు నెవాడాలో కొందరు ఆ కొండలెక్కి ఫోటోలు తీసుకుంటూ, గుడ్డ మీద ముద్రలు ఎత్తుకుంటూ తిరుగుతున్నారు.

ఎవరి గొంతు వినబడదు అన్నదీ చూడాలి. 1866లో సైన్యం ఈ లోయలో క్యాంప్ విన్‌ఫీల్డ్ స్కాట్ పెట్టింది, సెటిలర్లకి పయూట్‌ల నుంచి రక్షణ అని. 1871లో ఎత్తేసింది. తర్వాత పయూట్ మగవాళ్ళలో చాలామంది ఆ రాంచ్‌లలోనే బకరూలుగా చేరారు, మంచి రౌతులని పేరు తెచ్చుకున్నారు. తమ నేల మీద ఇంకొకరి పశువుల్ని కాయడం గురించి వాళ్ళకి ఏమనిపించిందో రాంచ్ యజమాని వంటింట్లో కూర్చుని రికార్డు చేస్తే రాదు. చైనా వంటవాళ్ళ విషయం ఇంకా కష్టం. నెవాడా రాంచ్‌లలో వంట చాలాకాలం వాళ్ళ చేతుల్లోనే ఉండేది, 1882 నాటి చట్టం చైనా కూలీలు కొత్తగా రావడాన్ని ఆపేసింది, ఉన్నవాళ్ళకి కుటుంబాలు ఏర్పడే దారి మూసుకుపోయింది. దాంతో 1978లో రికార్డర్ వచ్చేసరికి వాళ్ళ కథలు చెప్పేది వాళ్ళ వంట తిన్నవాళ్ళే. చమత్కారంగా చెప్తారు, ప్రేమగా కూడా చెప్తారు, కానీ చాలాసార్లు ఆ మనిషి అసలు పేరు తెలియకుండానే చెప్తారు. అలాంటి కథని పక్కన పడేయక్కర్లేదు. అది వంటవాడి గురించి కొంచెమూ చెబుతున్నవాళ్ళ గురించి ఎక్కువా చెబుతుందని గుర్తుపెట్టుకుని వాడుకుంటే చాలు.

ఆడవాళ్ళ విషయంలో చిక్కు మర్యాదలోంచి వస్తుంది. రాంచ్ గురించి అడిగితే "ఆయన్ని అడగండి" అంటారు, ఆయన మాట్లాడుతుంటే పొయ్యి దగ్గర నుంచి తేదీలు సరిచేస్తుంటారు. ఆ సరిచేసే గొంతు టేపులో దూరంగా, ఫ్రిజ్ మోత కింద వినబడీ వినబడనట్టు ఉంటుంది. ఎన్నో ఇళ్ళలో లెక్కల పుస్తకం రాసేది ఆవిడే, ఏ ఏడాది ఎంత ధరకి అమ్మారో తెలిసేది ఆవిడకే. రెండో మైకు పెట్టి ఉంటే బాగుండేది అని టేపు విని రాసుకునేటప్పుడు అనుకోవడం ఈ రంగంలో అందరికీ అనుభవమే.

మరి చెప్పింది తప్పైతే? తేదీలు కలిసిపోతాయి, రెండు చలికాలాలు ఒకటైపోతాయి, తాత చేసింది నాన్న చేసినట్టు వస్తుంది. ఇటలీలో మౌఖిక చరిత్ర సేకరించే అలెసాండ్రో పోర్తెల్లి దీని మీదే లోతుగా ఆలోచించాడు. తెర్నీ అనే ఊళ్ళో లుయిజీ త్రాస్తుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949లో పోలీసుల చేతిలో చనిపోయాడు, కానీ ఊళ్ళో చాలామంది దాన్ని 1953లో ఫ్యాక్టరీ నుంచి మూకుమ్మడిగా తీసేసినప్పటి గొడవల్లో జరిగినట్టు చెప్పారు. పోర్తెల్లి ఆ తప్పుని దిద్ది ఊరుకోకుండా, అందరూ ఒకేలా ఎందుకు పొరబడ్డారని అడిగాడు. రాంచ్ కబుర్లకీ ఇది పనికొస్తుంది. పారడైజ్ వ్యాలీకి ఆ పేరు 1863లో ఒక ఖనిజాలు వెతికేవాడు కొండ మీద నుంచి చూసి "అబ్బ, ఎంత స్వర్గం!" అనడంతో వచ్చిందని చెప్పుకుంటారు. ఆయన సరిగ్గా ఆ మాటే అన్నాడో లేదో ఎవరు చూశారు? కానీ ఖాళీగా, ఎవరిదీ కానట్టు కనిపించిన స్వర్గం అని ఊరు తన మొదలుని చెప్పుకోవడం, మూడేళ్ళకే అక్కడ సైనిక క్యాంపు అవసరం పడడం, రెండూ పక్కపక్కన పెట్టి చూడాల్సిన విషయాలు.

సేకరించింది ఏమైందన్నది తర్వాతి సంగతి. 1980లో వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఎగ్జిబిషన్ పెట్టారు. 1985లో అప్పటికి చాలా కొత్త టెక్నాలజీ అయిన లేజర్ వీడియో డిస్క్ మీదకి ఎక్కించారు, కొన్నేళ్ళకే దాన్ని ఆడించే మిషన్లు మూలనపడ్డాయి. అయినా నష్టం జరగలేదు, ఎందుకంటే అసలు టేపులు, నెగటివ్‌లు, వాటితోపాటు ఏ ఫోటో ఎక్కడ ఏ రోజు ఎవరిది అని రాసిన జాబితాలు ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఆ జాబితాలే ప్రాణం. రోజంతా మందవెంట తిరిగి వచ్చి, ఒళ్ళు హూనమై, రాత్రి లైటు కింద కూర్చుని ఫోటో నంబర్లు రాసుకోవడం ఎవరికీ సరదా కాదు. రేపు రాద్దాంలే అనుకుంటే మాత్రం ఏ గేటు గడియ ఎవరి రాంచ్‌దో వారం తిరిగేసరికి తీసినవాడికే గుర్తుండదు.

అదే 1985 జనవరిలో నెవాడాలోని ఎల్కో ఊళ్ళో మొదటి కౌబాయ్ పోయెట్రీ గ్యాదరింగ్ జరిగింది, జానపద పరిశోధకులు పూనుకుని పెట్టిందే. జనవరి ఎందుకంటే రాంచ్‌లలో కాస్త ఊపిరి పీల్చుకునేది అప్పుడే. జీతగాళ్ళు పడుకునే బంక్‌హౌస్‌లో నలుగురి మధ్య చెప్పుకునే పద్యాలు మైకు ముందుకి వచ్చాయి, జనం విరగబడ్డారు, ఇప్పటికీ ఏటా జరుగుతోంది. దాంతో చాలామందికి తమ దగ్గర ఉన్నది దాచుకోవాల్సిన విషయం కాదని తెలిసింది. మైకు కోసం రాసే పద్యాలు కూడా పెరిగాయి, టోపీలు కొంచెం పెద్దవయ్యాయి. రికార్డు చేయడానికి వెళ్ళినవాడు రికార్డు చేసినదాన్ని కొంచెం మారుస్తాడు, దీన్ని ఒప్పుకుని ఏ పద్యం ఎవరి ముందు చెప్పారో రాసుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఇంత చేసిన ప్రాజెక్టు సేకరణ పేరులో కాలం 1945 నుంచి మొదలవుతుంది, పరిశోధకులు వచ్చింది 1978లో. మధ్యలో ఉన్న ఆ 33 ఏళ్ళలో తొలి రీళ్ళు నైంటీ-సిక్స్ రాంచ్ యజమాని తీసుకున్నవి. ఏ సంస్థా అడగకుండా, ఏ గ్రాంటూ లేకుండా, సొంత మూవీ కెమెరాతో తన మనుషుల్ని, తన పనుల్ని తీసి ఇంట్లో పెట్టుకున్నాడు. జానపద పరిశోధకుడు ఇంకా ఆ లోయ పేరు వినకముందే అక్కడొకరు ఆ పని మొదలుపెట్టేశారు.